కోడ్ రాకపోయినా సేల్స్ ట్రాకింగ్ పెట్టేశా, కాకపోతే డబుల్ లెక్క వచ్చింది

ఆన్‌లైన్ స్టోర్ నడిపే షాపిఫైలో గూగుల్ అండ్ యూట్యూబ్ యాప్ వేసి జీఏ4 (గూగుల్ అనలిటిక్స్ 4, సైట్‌లో ఎవరేం చేశారో లెక్కపెట్టే టూల్) కనెక్ట్ చేస్తే చాలు, ప్రోడక్ట్ చూడటం, కార్ట్‌లో వేయడం, కొనడం అన్నీ వాటంతటవే వెళ్లిపోతాయి, కోడ్ జోలికే పోనక్కర్లేదు. నేనేమో అతి తెలివికి పోయి గూగుల్ ట్యాగ్ మేనేజర్‌లో (ట్రాకింగ్ కోడ్‌లు పెట్టే ఇంకో టూల్) కూడా పర్చేజ్ ట్యాగ్, అంటే ఎవరైనా కొన్నప్పుడు జీఏ4కి చెప్పే కోడ్, పెట్టా, ఇంకేముంది, స్టోర్‌లో 6 ఆర్డర్లుంటే రిపోర్ట్‌లో 12! కాసేపు సంబరపడ్డాను కూడా, సిగ్గులేకుండా. తీరా చూస్తే ట్రాన్సాక్షన్ ఐడీ (ఒక్కో కొనుగోలుకి వెళ్లే గుర్తింపు నంబరు) ఒకటే అయితే జీఏ4 రెండోదాన్ని లెక్కేసుకోదట, నాకేమో ఒకదాంట్లో ఆర్డర్ నంబరు, ఇంకోదాంట్లో ఇంకేదో వెళ్తోంది. ట్యాగ్ పీకేశా, సరిపోయింది.

అన్నట్టు జీఏ4లో డేటా రిటెన్షన్ (వివరమైన డేటాని ఎన్నాళ్లు దాచి ఉంచుతుందో ఆ గడువు) మామూలుగా 2 నెలలే ఉంటుంది, సెట్టింగ్స్‌లో మొదటిరోజే 14 నెలలకి మార్చేయండి, నేను లేటుగా చూసుకున్నా.