గోవాలో ఐదొందల తప్పు

పొద్దున గోవాకు పోయి రాత్రికి రావడమేంది, అదీ పోకర్ అనే పత్తాలాట ఆడటానికి అని ఇంట్లో వారం రోజులు నడిచింది. నడవనీ అనుకుని నేనూ మా బామ్మర్దీ రాత్రి రెండున్నరకు మహబూబ్‌నగర్‌లో కారు తీసి, జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా శంషాబాద్ చేరి పొద్దుటి ఫ్లైట్ ఎక్కేశాం. వాడిది మిర్యాలగూడ, రమ్మీలో వాణ్ని కొట్టేవాడు వాళ్ల గల్లీలో లేడు, కాకపోతే పోకర్ ఎప్పుడూ ఆడలేదు. చూడటానికి వచ్చాడంతే.

ఇంత దూరం ఎందుకంటారా? మన దగ్గర పైసలు పెట్టి కూర్చుంటే మర్నాడు జిల్లా పేజీలో ‘పేకాట రాయుళ్ల అరెస్ట్’ కింద ఫొటో పడుతుంది. తమాషా ఏందంటే, రమ్మీలో ప్రధానంగా ఉండేది నైపుణ్యమే అని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులోనే. అయినా 2017లో మన తెలంగాణ గేమింగ్ చట్టాన్ని మార్చి ఆన్‌లైన్ రమ్మీని బంద్ చేసింది, 2025లో కేంద్రం పైసలతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపేసింది. గోవాలో మాత్రం పనాజీ దగ్గర మాండవి నదిలో లంగరేసిన ఓడల మీద దర్జాగా ఆడొచ్చు. 21 ఏళ్లు నిండాలి, ఒడ్డు నుంచి చిన్న బోటులో తీసుకుపోతారు.

మేం పోయిన టైముకు పోకర్ టేబుల్ ఇంకా మొదలు కాలేదు. మూడింటి దాకా రూలెట్ చుట్టూ తిరిగి, బఫేలో చేపలు తిని, ఆవలించాం. ఆడటానికి కొన్న చిప్స్ (పైసలకు బదులు పెట్టే బిళ్లలు) విలువ మీద జీఎస్టీ 2023 అక్టోబర్ నుంచి 28 శాతం, 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం. ఇది విని మా వాడు “బావా, మనం ఆడకముందే సర్కారు గెలిచినట్టే గదా” అన్నాడు.

టేబుల్ మీద బ్లైండ్స్, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు వంతులవారీగా కట్టాల్సిన పైసలు, 100, 200. నేను 20,000తో కూర్చున్నా. రమ్మీ వాళ్లకు అర్థమయ్యేలా చెప్తా: చేతికి రెండే ముక్కలు వస్తాయి, మధ్యలో అందరికీ కలిపి ఐదు తెరుస్తారు, ముందు మూడు, తర్వాత ఒకటి, చివర్లో ఇంకొకటి. రమ్మీలో మొదట్లోనే డ్రాప్ చేసినా 20 పాయింట్లు పడతాయి, ఇక్కడ బ్లైండ్ కట్టే వంతు కాకపోతే పడేసినా పైసా పోదు. అందుకే పని అంతా పడేయడమే. జత ముక్కలు 17 సార్లకు ఒకసారి వస్తాయి, రెండు ఆసులు 221 సార్లకు ఒకసారి. డీలర్ గంటకు ముప్పై ఆటలు పంచితే ఎక్కువ. రెండు గంటలు చెత్త ముక్కలు చూసి చూసి పడేశా. వెనక మా వాడు కుర్చీలోనే నిద్రపోయాడు.

అప్పుడొచ్చాయి రెండు తొమ్మిదులు. 600కు పెంచా, ఎదురుగా టోపీ పెట్టుకున్న పిలగాడు ఒక్కడే వచ్చాడు. మధ్యలో తెరిచినవి ఆఠీన్ తొమ్మిది, ఆఠీన్ ఆరు, కళావర్ రెండు. మూడు తొమ్మిదులు! గుండె దడ బయటికి వినబడుతుందేమోనని నీళ్ల గ్లాసు పట్టుకున్నా. 450 పెట్టా, పిలగాడు కట్టాడు. పాట్, అంటే మధ్యలో పోగైన పైసలు, బ్లైండ్స్ కలిపి 2,400. నాలుగోది ఇస్పేట్ రాజు. ఎక్కడ పారిపోతాడోనని, ముద్దు చేస్తున్నట్టు ఐదొందలే పెట్టా.

వాడు చిప్స్‌ను వేళ్ల మధ్య రెండుసార్లు దొర్లించి కట్టేశాడు. ఐదోది ఆఠీన్ నాలుగు. వెంటనే మూడు వేలు ముందుకు తోశాడు. ఫ్లష్ (ఒకే గుర్తువి ఐదు, మూడు తొమ్మిదుల కన్నా పెద్దది) అని నాకు తెలుసు, టేబుల్ అంతటికీ తెలుసు, అయినా మూడు తొమ్మిదులు పట్టుకుని ఎట్లా పడేస్తాం, కట్టా. ఆఠీన్ ఆసు, ఆఠీన్ పది చూపించాడు. ఆ ఒక్క ఆటలో 4,550 పోయింది.

దురదృష్టం అనుకుంటే సుఖంగా ఉండేది, కానీ తిరుగు ఫ్లైట్‌లో టిష్యూ పేపర్ మీద లెక్క వేశా. నాలుగోది పడ్డాక మిగిలిన 44 ముక్కల్లో వాణ్ని గెలిపించేవి ఏడు, అంటే దాదాపు 16 శాతం. ఆఠీన్లు మొత్తం తొమ్మిది మిగిలి ఉన్నా, ఆఠీన్ రాజో ఆఠీన్ రెండో పడితే నాకే ఫుల్ హౌస్, అంటే మూడు తొమ్మిదులకు తోడు ఒక జత, ఫ్లష్ కన్నా పెద్దది. నా ఐదొందలతో కలిపి 2,900 గెలవడానికి వాడు పెట్టాల్సింది 500, ఆ లెక్కన 15 శాతం ఛాన్స్ ఉన్నా చాలు. అంటే వాడు లక్ మీద కట్టలేదు, నేనే అగ్గువకు అమ్మాను.

మొత్తానికి 13,400తో లేచా. టికెట్లు, క్యాసినో ఎంట్రీ, ట్యాక్సీ ఇందులో లేవు, ఇంట్లో కూడా చెప్పలేదు.

రాత్రి ఒంటిగంటకు షాద్‌నగర్ దాటాక హైవే పక్కన చాయ్ కోసం ఆగితే, దారంతా మాట్లాడని మా వాడు గ్లాసు ఊదుకుంటూ అడిగాడు. “బావా, ఐదొందలు గాక రెండు వేలు పెడితే పిలగాడు పోతుండె గదా?”

“పోతుండె” అన్నా.

“మరి నన్ను లేపొద్దా?”