రాజీనామా కాగితం మీద సంతకం పెట్టే ముందు

మేనేజర్ గదిలోకి పిలిచి, "నువ్వే రాజీనామా రాసిచ్చెయ్, రేపు ఇంకో చోట పేరు చెడదు" అంటారు. ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. మిమ్మల్ని తీసేశారని తర్వాత నిరూపించడం ఆ ఒక్క సంతకంతో చాలా కష్టమైపోతుంది. తొలగిస్తున్నట్టు కారణంతో సహా కాగితం మీద రాసివ్వమని అడగండి. ఇవ్వకపోతే ఏ తేదీన పనిలోకి రానివ్వలేదో రాసి, కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి.

జీతం నెలకు 21,000 రూపాయల లోపు ఉండి ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) కోత పడుతున్నవాళ్లకు, ఉద్యోగం పోతే కొన్నాళ్లు డబ్బు సాయం చేసే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన ఉంది. 2018 జూలైలో మొదలైంది. ఇది తాత్కాలిక పథకం, ఎప్పటికప్పుడు పొడిగిస్తూ వస్తున్నారు. ఇప్పుడు అమల్లో ఉందో లేదో ముందు మీ ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో అడగండి. ఉద్యోగం పోయేనాటికి కనీసం 2 ఏళ్లు ఈఎస్ఐ కింద పనిచేసి ఉండాలి. ఏప్రిల్–సెప్టెంబర్, అక్టోబర్–మార్చి అని అర్ధ సంవత్సరాలుగా లెక్క కడతారు. చివరి అర్ధ సంవత్సరంలో 78 రోజులు, దానికి ముందు మూడింటిలో ఏదో ఒకదాంట్లో ఇంకో 78 రోజులు చందా పడి ఉండాలి.

డబ్బు లెక్క ఇలా. ఆ నాలుగు అర్ధ సంవత్సరాల మొత్తం జీతాన్ని 730తో భాగిస్తారు, అందులో సగం రోజుకు ఇస్తారు. నెలకు 18,000 చొప్పున 24 నెలలైతే 4,32,000. రోజుకు దాదాపు 592, సగం 296. జీవితం మొత్తం మీద 90 రోజులకే ఇస్తారు, అంటే దాదాపు 26,600 రూపాయలు. మధ్యలో జీతం లేని నెలలున్నా భాగించేది 730తోనే, కాబట్టి మొత్తం తగ్గుతుంది. ఉద్యోగం పోయిన 30 రోజుల తర్వాత ఈఎస్ఐ పోర్టల్‌లో మీ ఐపీ నంబరుతో (ఈఎస్ఐ బీమా నంబరు) లాగినై క్లెయిమ్ పెట్టాలి. రాబోయే రోజులకు ముందుగా ఇవ్వరు. ఆధార్‌లోనూ బ్యాంకు ఖాతాలోనూ పేరు ఒకేలా ఉందో లేదో ముందే చూసుకోండి.

అసలు చిక్కు కారణం దగ్గర వస్తుంది. దుష్ప్రవర్తనకు శిక్షగా తీసేశామని యజమాని రాస్తే ఈ సాయం రాదు. స్వచ్ఛంద విరమణకూ రాదు. మనుషులు ఎక్కువై తగ్గించుకున్నా, ఫ్యాక్టరీ మూసేసినా అది రిట్రెంచ్‌మెంట్ లేదా మూసివేత కిందికొస్తుంది. అప్పుడు ఈఎస్ఐలోనే ఉన్న రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన చూడాలి. అందులో గరిష్ఠంగా 24 నెలల వరకు భత్యం దొరుకుతుంది. యజమాని రిట్రెంచ్‌మెంట్ లేదా మూసివేత అన్న మాట రాయకుండా తప్పించుకోవాలని చూస్తే వదలకండి.

ఛార్జిషీటు (కంపెనీ ఇచ్చే ఆరోపణల పత్రం), విచారణ లేకుండానే దుష్ప్రవర్తన అంటగట్టారా? లేబర్ ఆఫీసులో అసిస్టెంట్ లేబర్ కమిషనర్‌కు అర్జీ పెట్టండి. నియామక పత్రం, పే స్లిప్పులు, హాజరు వివరాలు, పంపిన లేఖ రసీదు జత చేయండి. ఆలస్యం చేస్తే గడువు దాటిపోతుంది. తీసేసిన రెండు పని దినాల్లో రావాల్సిన జీతం చెల్లించాలని చట్టం చెబుతోంది. అది రాకపోతే ఆ సంగతీ అదే అర్జీలో రాయండి.