అందరి చార్టులోనూ 20

వార్డు నర్సుగా ఈరోజు నాది మార్నింగ్ డ్యూటీ. నైట్ డ్యూటీ వాళ్ళు పేషెంట్లని అప్పగించే హ్యాండోవర్ అయ్యాక చార్టులు తిరగేస్తుంటే ఎప్పుడూ కనిపించేదే మళ్ళీ కనిపించింది. బీపీ ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంది. పల్స్, టెంపరేచర్ కూడా అంతే. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో రాసే రెస్పిరేషన్ గడిలో మాత్రం వరసగా 20, 20, 18, 20. పొట్ట ఆపరేషనై నొప్పితో ముడుచుకుని పడుకున్న పెద్దాయనకీ 20, రేపోమాపో డిశ్చార్జి అయ్యే కుర్రాడికీ 20. ఇంతమంది రాత్రంతా ఒకే లెక్కన ఊపిరి తీసుకోవడం జరిగే పని కాదు.

నైట్ స్టాఫ్‌ని తప్పుపట్టాలని నాకు లేదు. బీపీకి మెషీన్ ఉంది. శాచురేషన్‌కి, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతానికి, వేలికి పెట్టే క్లిప్పు ఉంది, పల్స్ కూడా అదే చూపిస్తుంది. ఊపిరికి మాత్రం మన కళ్ళు కావాలి, ఒక నిమిషం టైము కావాలి. వార్డంతా ఒక్కరి మీదే పడ్డప్పుడు కోత పడేది ఆ నిమిషానికే. కానీ మనిషి పరిస్థితి దిగజారే ముందు చాలాసార్లు మొదట మారేది ఊపిరే. బీపీ పడిపోయేదాకా చూస్తే ఆలస్యమైపోతుంది. శరీరం అప్పటిదాకా ఎలాగోలా నెట్టుకొస్తుంది, చార్టు చూసినవాళ్ళకి అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది.

అందుకే ఇవాళ నా వైపు బెడ్లన్నిటికీ నేనే లెక్కపెట్టాను.

ఊపిరి లెక్కపెడుతున్నామని పేషెంటుకి చెప్పకూడదు. చెబితే తెలియకుండానే ఊపిరి తీరు మారిపోతుంది. పల్స్ చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, పల్స్ అయిపోయినా చెయ్యి వదలకుండా, చూపు ఛాతీ మీదకి తిప్పాలి. దుప్పటి మందంగా ఉండి కదలిక తెలియకపోతే పేషెంటు చేతిని అతని ఛాతీ మీదే ఆనించి పట్టుకుంటే, ఆ చెయ్యి లేవడం దిగడం మన చేతికి తెలుస్తుంది. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేయడం నాకు నచ్చదు. ఒక్క ఊపిరి అటూ ఇటూ అయితే నాలుగు తేడా వస్తుంది. ఆ నాలుగే ఒక్కోసారి మొత్తం కథ మార్చేస్తుంది.

పెద్దాయన దగ్గరకి వెళ్ళి "ఎలా ఉంది తాతగారూ?" అన్నాను. "బానే ఉందమ్మా" అన్నారు. ఆ రెండు మాటల మధ్య ఊపిరి తీసుకోవడానికి ఆగారు. భుజాలు కొద్దిగా పైకి లేస్తున్నాయి, మెడ కింద గుంటలు లోపలికి పోతున్నాయి. నిమిషం లెక్కపెట్టాను, 26. నమ్మకం కుదరక ఇంకో నిమిషం చూశాను. మళ్ళీ 26. పల్స్ 108, శాచురేషన్ 95, బీపీ 118/76, టెంపరేచర్ 99.4. ఆక్సిజన్ పెట్టలేదు, మనిషి తెలివిగానే ఉన్నారు. ఊపిరి తప్ప మిగతావి విడివిడిగా చూస్తే ఏదీ గాభరా పెట్టేలా లేదు.

ఇలాంటప్పుడే, ఒక్కో కొలతకి పాయింట్లు వేసి మనిషి దిగజారుతున్నాడేమో ముందే చెప్పే స్కోరు పనికొస్తుంది. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ 2012లో తెచ్చి 2017లో సవరించిన ఎర్లీ వార్నింగ్ స్కోరులో ఊపిరి 25కి చేరితే ఆ ఒక్కదానికే 3 పాయింట్లు. శాచురేషన్ 95కి 1, పల్స్ 108కి 1. మొత్తం 5. అంటే డాక్టర్ త్వరగా వచ్చి చూడాల్సిన స్థాయి. అదే గడిలో 20 అని రాసి ఉంటే మొత్తం 2 వచ్చేది. 2 వస్తే నాలుగు నుంచి ఆరు గంటలకి ఒకసారి చూస్తే సరిపోతుందని ఆ స్కోరే చెబుతుంది. మనిషి అదే మనిషి, మంచం అదే మంచం.

డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేశాను. ఎస్‌బార్ పద్ధతిలో చెప్పడం ఇప్పుడు నాకు బాగా అలవాటైంది. ఇప్పుడేం జరుగుతోంది, వెనక సంగతేంటి, నాకేమనిపిస్తోంది, మీ నుంచి ఏం కావాలి. ఈ నాలుగూ ఆ వరసలోనే. అమెరికా నేవీ సబ్‌మెరైన్ల నుంచి ఆసుపత్రులకి వచ్చిన పద్ధతట ఇది. చాలామంది నర్సులు చివరిదాని దగ్గర ఆగిపోతారు. "ఒకసారి చూస్తారా డాక్టర్ గారూ" అని మొహమాటంగా అడిగి ఫోన్ పెట్టేస్తారు. నేను "సర్, ఆపరేషనై మూడో రోజు పేషెంట్, ఊపిరి 26, స్కోరు 5, నొప్పి వల్ల దగ్గలేకపోతున్నారు, ఊపిరితిత్తుల కింది భాగం ముడుచుకుందేమోనని నా అనుమానం. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి" అన్నాను. వెంటనే వచ్చారు. స్టెత్ పెట్టి చూస్తే కుడివైపు కింద గాలి సరిగ్గా ఆడటం లేదు. ఎక్స్‌రే రాశారు, బ్లడ్ టెస్టులు రాశారు, నొప్పి మందు పెంచారు.

పక్కనున్న వాళ్ళమ్మాయి అప్పుడు చెప్పింది: "రాత్రి దగ్గు వస్తే కుట్లు ఊడిపోతాయని భయపడి ఆపుకున్నారు సిస్టర్." రాత్రి ఎవరైనా రెండు నిమిషాలు కూర్చుని ఉంటే ఈ మాట అప్పుడే బయటపడేది. చిన్న దిండు కుట్ల మీద అదిమి పట్టుకుని దగ్గడం ఎలాగో తాతగారికి, ఆ అమ్మాయికి ఇద్దరికీ చూపించాను. మందు పనిచేశాక కూర్చోబెట్టాం. మధ్యాహ్నానికి ఊపిరి 22కి వచ్చింది. ఇంకా ఎక్కువే, కానీ దారిలో పడింది. గంటగంటకీ చూడమని రాసి పెట్టాను.

ఇన్సులిన్ టైములో ఇంకో సంగతి. కొత్తగా చేరిన అమ్మాయి సిరంజిలోకి మందు తీసి నా దగ్గరకి తెచ్చి, "అక్కా, 8 యూనిట్లు, కరెక్టే కదా?" అంది. డబుల్ చెక్ అని మనం చేసేది చాలాసార్లు ఇంతే. మొదటివాళ్ళు అంకె చెప్పేశాక రెండోవాళ్ళ కంటికి అదే కనపడుతుంది. "అంకె నాకు చెప్పకమ్మా, కేస్ షీట్, వయల్, సిరంజి ఇలా ఇవ్వు" అన్నాను. ఆర్డర్ నేనే చదివాను, వయల్ మీద మిల్లీలీటరుకి ఎన్ని యూనిట్ల బలమో చూశాను, సిరంజి దానికి సరిపడేదో కాదో చూశాను, గీతలు లెక్కపెట్టి అప్పుడు 8 అన్నాను. ఆ అమ్మాయి మొహంలో కొంచెం టెన్షన్ కనిపించింది, తనని నమ్మడం లేదనుకుందేమో. పక్కకి తీసుకెళ్ళి చెప్పాను, "రేపు నేను తీసినప్పుడు నువ్వూ నన్నిలాగే చెక్ చెయ్యాలి, నేను సీనియర్‌నని వదలకూడదు" అని. ఇన్సులిన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్, పొటాషియం లాంటి మందుల్లో తేడా వస్తే సరిదిద్దుకునే టైము కూడా ఉండకపోవచ్చు. పొడి అక్షరాల వల్ల కూడా తేడాలు వస్తాయి. యూనిట్లకి ఇంగ్లిష్ ‘యు’ అక్షరం పెడితే అది సున్నాలా కనపడి 8 కాస్తా 80 అయిపోతుంది. అందుకే ఆ మాట పూర్తిగా రాయమని డాక్టర్లని కూడా అడుగుతుంటాను. ఎవరూ కోప్పడలేదు.

పేరు అడగడం దగ్గరా ఇదే వరస. "మీరు ఫలానా గారేనా?" అంటే మత్తులో ఉన్నవాళ్ళు, చెవి సరిగ్గా వినపడనివాళ్ళు దేనికైనా తలూపుతారు. "మీ పేరు చెప్పండి" అని అడిగి, చేతి బ్యాండ్ మీది నంబరుతో సరిచూడాలి. బెడ్ నంబరుని నమ్ముకోకూడదు. మంచాలు మారుతూ ఉంటాయి.

ఫ్లోరెన్స్ నైటింగేల్ అనగానే దీపం పట్టుకున్న బొమ్మే అందరికీ గుర్తొస్తుంది. నాకు మాత్రం ఆవిడ లెక్కలంటే గౌరవం. క్రిమియన్ యుద్ధంలో గాయాలకంటే నివారించగల జబ్బులతోనే ఎక్కువమంది సైనికులు పోయారని 1858లో రంగుల గ్రాఫులు గీసి ప్రభుత్వం ముందు పెట్టింది. ఎవరో ఓపిగ్గా నిజం రాసి ఉంచారు కాబట్టే ఆ గ్రాఫులు గీయగలిగింది.

నిజం రాయడానికి మనుషులు కావాలి. నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2002లో అమెరికా ఆసుపత్రుల మీద చేసిన అధ్యయనంలో, ఒక నర్సు మీద అదనంగా ఒక్క పేషెంట్ పెరిగితే సర్జరీ అయిన పేషెంట్లు 30 రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం పెరుగుతున్నట్టు తేలింది. ఈ సంగతి వార్డు మీటింగుల్లో ఎత్తినప్పుడల్లా తలలూపుతారు, డ్యూటీ లిస్టు మాత్రం మారదు. నేను మళ్ళీ ఎత్తుతాను. చార్టులో 20 చూసి ఎవరినో పిలిచి చివాట్లు పెడితే రేపట్నుంచి 20కి బదులు 19, 21 రాస్తారు, అంతే.

సాయంత్రం వెళ్ళే ముందు ఇన్‌చార్జి సిస్టర్‌తో కూర్చున్నాను. చేతులు శుభ్రంగా ఉండాలని మోచేతి కింద గడియారం, గాజులు ఏవీ వద్దన్నారు. అది సరైన రూలే, నేను పాటిస్తాను. కానీ ఆ గడియారంతోపాటు సెకన్ల ముల్లు కూడా పోయింది. పేషెంట్‌ని పట్టుకున్న చేత్తో ఫోన్ తీయలేం. గోడ గడియారం మూల బెడ్ల దగ్గర నుంచి కనపడదు. ఊపిరి లెక్కపెట్టమని చెప్పి, లెక్కపెట్టే సాధనం తీసేసుకున్నాం. ఈ మాట ఇప్పటిదాకా ఎవరూ అనలేదని సిస్టర్ ఆశ్చర్యపోయారు. యూనిఫాం జేబుకి తలకిందులుగా పిన్ను చేసుకునే నర్సు వాచీలు అందరికీ, వార్డు రెండో వైపుకి సెకన్ల ముల్లున్న గడియారం ఒకటి కావాలని స్టోర్స్‌కి ఇండెంట్ (కోరే పత్రం) రాశాం. సంతకం పెట్టి పంపేదాకా నేను కదల్లేదు.

రేపటి నుంచి హ్యాండోవర్‌లో ఒక పేషెంట్ దగ్గర వెళ్ళేవాళ్ళు, వచ్చేవాళ్ళు కలిసి నిమిషం లెక్కపెట్టి, ఎవరి అంకె వాళ్ళు రాసుకుని అప్పుడు పోల్చుకోవాలని కూడా అనుకున్నాం. తేడా వస్తే ఇద్దరూ మళ్ళీ లెక్కపెడతారు. మొదట తాతగారి బెడ్ దగ్గరే.