పదహారు పిండి ప్యాకెట్లు

స్టాటిస్టిక్స్ ఫైనల్‌కి పన్నెండు రోజులుందనగా పాత పేపరొకటి టైమ్ పెట్టుకుని రాస్తే నాకు వందకి 38 వచ్చాయి. సెమిస్టరంతా రంగురంగుల పెన్నులతో నోట్స్ రాసుకున్నదాన్ని, ఫార్ములాలన్నీ నోటికొచ్చు. అయినా 38.

బెంగళూరు మడివాళ పీజీలో నా రూమ్‌మేట్ ఒంగోలు అక్క, డేటా అనలిస్ట్. పేపరు తిరగేసి, "నీకు లెక్క చేయడం వచ్చు. ఎక్కడ ఏ లెక్క చేయాలో తెలీట్లేదు" అంది. నిజమే. చాప్టర్ చివరి ప్రశ్నలకైతే పైన 'టీ టెస్ట్' అని, ఏ పద్ధతి వాడాలో రాసే ఉంటుంది. పరీక్షలో ఎవరు చెప్తారు?

ఆ రాత్రే పాత ప్రశ్నలన్నీ చీటీల మీద రాసి ఖాళీ హార్లిక్స్ సీసాలో వేశాను. రోజుకి పది తీయాలి. తీయగానే కాలిక్యులేటర్ ముట్టుకోకూడదు. ఏం అడిగారు, శాంపిల్, అంటే తీసుకున్న నమూనా, ఎంత, స్టాండర్డ్ డీవియేషన్ (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పేది) మొత్తం జనాభాదా, శాంపిల్‌దా? ముందు ఈ మూడూ పైకి చెప్పాలి. అక్క రూలు.

నన్ను బాగా తిప్పలు పెట్టింది ఇడ్లీ పిండి చీటీ. ప్యాకెట్ మీద 1,000 గ్రాములని ఉంది. 16 ప్యాకెట్లు తూస్తే సగటు 988, శాంపిల్ స్టాండర్డ్ డీవియేషన్ 24. బరువులు నార్మల్ పంపిణీలో, అంటే సగటు దగ్గర ఎక్కువగా, రెండు వైపులా దూరంగా తక్కువగా ఉంటాయనుకోమన్నారు. 5 శాతం లెవెల్‌లో (సగటు 1,000 అయినా పొరపాటున కాదనే అవకాశం ఐదు శాతమే ఉండేలా) సగటు నిజంగా 1,000 కాదనగలమా? మొదటిసారి తేడా 12ని నేరుగా 24తో భాగించేశాను. 16కి వర్గమూలం మర్చిపోయాను! శాంపిల్ సగటు ఎంత అటూఇటూ ఊగొచ్చో చెప్పే స్టాండర్డ్ ఎర్రర్ 24 బై 4, అంటే 6. మైనస్ 12 బై 6, మైనస్ 2. హమ్మయ్య అనుకుని, జనాభా డీవియేషన్ తెలిసినప్పుడు వాడే 1.96తో పోల్చి, పిండివాడు మోసగాడని తేల్చేశాను. అక్క టీ విలువల పట్టిక నా ముందుకి తోసింది. శాంపిల్ డీవియేషనే ఉంది కాబట్టి టీ చూడాలి. 15 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కి (ఇక్కడ శాంపిల్ సంఖ్యకి ఒకటి తక్కువ) 2.131. మన 2 దాన్ని దాటలేదు. అలాగని పిండివాడు నిజాయితీపరుడని తేలినట్టూ కాదు, తప్పు పట్టడానికి ఆధారం చాలలేదంతే. ఈ ఒక్క వాక్యం సరిగ్గా రాయడానికి నాకు నాలుగు చీటీలు పట్టాయి.

ఈ టీ పద్ధతి 1908లో అచ్చువేయించిన గాసెట్ డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీ ఉద్యోగి. చిన్న శాంపిళ్లతోనే నెట్టుకురావాల్సిన పని ఆయనది. సొంత పేరు వేసుకోకుండా 'స్టూడెంట్' అని సంతకం పెట్టాడు. ఆ పేరు చూసినప్పుడల్లా నా బాధ తెలిసినవాడే అనిపించేది.

బేయిస్ లెక్కలు (ఒకటి జరిగిందని తెలిశాక ఇంకోదాని అవకాశం ఎంతో కట్టేవి) మాత్రం చివరిదాకా లొంగలేదు. వెయ్యి మంది ఉన్నారనుకుని తలలు లెక్కపెట్టి బయటపడ్డాను.

పరీక్షరోజు సిల్క్ బోర్డు దగ్గర నలభై నిమిషాలు బస్సులోనే గడిచాయి. టెన్షన్‌తో చెమటలు. ఎలాగో చివరి నిమిషంలో హాల్లో పడ్డాను. 74 వచ్చాయి, పోయినవి ఎక్కువగా ప్రాబబిలిటీలోనే.

రిజల్ట్ వచ్చిన రోజు కిరాణా కొట్లో పిండి ప్యాకెట్ కొని అక్కడే తూయించాను. 990 గ్రాములు. గదికొచ్చి అక్కకి చెప్తే తల కూడా ఎత్తలేదు.

"ఒక్కదానితో ఏం తేలుతుందే? ఇంకో పదిహేను పట్రా."