రామ్‌దేవ్‌రా దారిలో రెండు గుడ్డ గుర్రాలు

పోఖరణ్ దాటాక రోడ్డు పక్క దుకాణాల నిండా గుర్రాలే. గుడ్డతో కుట్టినవి. అరచేతిలో ఇమిడేవి మొదలుకొని మనిషి ఎత్తువి దాకా, మెడకు జరీ అంచు, నుదుట అద్దం బిళ్ళ. కాలినడకన వెళ్ళేవాళ్ళు వాటిని నెత్తిన పెట్టుకుని, చేతిలో ఐదు రంగుల నేజా జెండాలు పట్టుకుని, ఇక్కడ దేవుడిగా కొలిచే పాతకాలపు సాధువు రామ్‌దేవ్ బాబా పేరు కేకేస్తూ సాగుతుంటారు. రాజస్థాన్‌లో జైసల్మేర్ జిల్లా రామ్‌దేవ్‌రాలో మొక్కు అంటే గుర్రం. ఇంటి గుర్రాలు పోయినవాళ్ళు ఎక్కడికి వెళ్ళాలి అని ఎవరైనా అడిగితే నేను ఈ ఊరి పేరే చెబుతాను. మావి రెండూ పోయాక నేను వచ్చిందీ ఇక్కడికే.

మనకు గుర్రం దేవుడి వాహనం. తిరుమల బ్రహ్మోత్సవాల్లో ఎనిమిదో రోజు రాత్రి స్వామి అశ్వవాహనం మీద ఊరేగుతాడు. అప్పుడు చూపులన్నీ స్వామి మీదే. ఇక్కడ గుర్రాన్నే తెచ్చి దేవుడి ముందు పెడతారు. బాబా చిన్నప్పుడు బొమ్మ గుర్రం కోసం మారాం చేస్తే తండ్రి దర్జీకి మంచి బట్ట ఇచ్చాడట. దర్జీ అందులో చాలా దాచుకుని, లోపల పాత పేలికలు కుక్కి, పైన మాత్రం కొత్త బట్ట చుట్టాడట. పిల్లవాడు ఎక్కగానే ఆ పేలికల గుర్రం ఆకాశంలోకి లేచిపోయిందట. దర్జీ భయపడి కాళ్ళమీద పడితే బాబా క్షమించాడని చెప్పుకుంటారు. ముస్లింలు ఈయన్నే రామ్‌షా పీర్ అని కొలుస్తారు.

వెళ్ళేవాళ్ళ కోసం దారి సంగతి. కాచిగూడ నుంచి జోధ్‌పూర్ పక్కనున్న భగత్ కీ కోఠీకి రైలుంది. జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్ వెళ్ళే లైన్లో రామ్‌దేవ్‌రా స్టేషన్ వస్తుంది. నడవాలనుకుంటే పోఖరణ్‌లో దిగాలి, అక్కణ్ణుంచి 12 కిలోమీటర్లు. పెద్ద జాతర భాద్రపద శుద్ధ విదియ నుంచి ఏకాదశి దాకా. ఆ రోజుల్లో దారి పొడవునా ఉచిత భోజనాల పందిళ్ళుంటాయి, క్యూలో మాత్రం గంటల తరబడి నిలబడాలి. దుఃఖంతో వెళ్ళేవాళ్ళకు ఆ తోపులాట మంచిది కాదని నా అభిప్రాయం. ప్రతి నెలా శుద్ధ విదియ బాబాకు ప్రీతి, ఆ రోజుకు వెళితే చాలు. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితే ఎండ ముదరక ముందే ఊరు చేరతారు. చెప్పుల్లేకుండా నడుస్తామని మొక్కుకున్నవాళ్ళకు మిట్టమధ్యాహ్నం తారు మీద అరికాళ్ళు బొబ్బలెక్కుతాయి.

గుర్రాన్ని చేతుల్లో పట్టుకుని నడవలేం. గాలి వీస్తే తెరచాపలా పక్కకు లాగేస్తుంది. తలమీద చుట్టకుదురు పెట్టి దానిమీద నిలపాలి, లేకపోతే చట్రం కర్ర మాడుకు గుచ్చుకుంటుంది. వాన భయముంటే పైన ప్లాస్టిక్ కప్పాలి. లోపలి గడ్డి తడిస్తే బరువు ఒకటికి రెండింతలు.

నాతో మా గుర్రాల తోక వెంట్రుకలు తెచ్చుకున్నాను, రెండు కుచ్చులు. ఒకటి ఎర్రది, 26 ఏళ్ళ గుర్రానిది. రెండోది తెల్లది, దాని జతగాడు 24 ఏళ్ళ తట్టువది, అంటే పొట్టి జాతి గుర్రానిది. ప్రాణం పోయాక ఆ గాభరాలో ఇది ఎవరికీ తోచదు, అందుకే చెబుతున్నాను. తోక మొదట్లో, అడుగు వైపు నుంచి చిటికెన వేలంత కుచ్చు తీయాలి. కత్తిరించక ముందే పైన ఒక రబ్బరు బ్యాండు, నాలుగంగుళాల కింద ఇంకొకటి బిగించాలి. ముందు కత్తిరిస్తే వెంట్రుకలు చెల్లాచెదురై మళ్ళీ కుచ్చు కట్టవు. షాంపూ నీళ్ళలో కడిగి నీడలో రెండు రోజులు పూర్తిగా ఆరనివ్వాలి. తడితో సంచిలో పెడితే బూజు పడుతుంది.

నడుస్తున్నంతసేపూ మనసులో తిరిగే మాట ఒకటే, ముందే కనిపెట్టి ఉంటే బతికేదేమో. ఎర్రదాని విషయంలో ఆ ప్రశ్నకు జవాబు దొరికింది. 15 ఏళ్ళు దాటిన గుర్రాల కడుపులో, పేగులను పట్టి ఉంచే పొర నుంచి సన్నటి కాడతో కొవ్వు గడ్డ వేలాడుతూ పెరగవచ్చు. ఏళ్ళ తరబడి ఏ ఇబ్బందీ ఉండదు. ఉన్నట్టుండి ఒకరోజు ఆ కాడ చిన్నపేగుకు ఉరిలా చుట్టుకుంటుంది. గుర్రం నేల గీరుతుంది, డొక్క వైపు తిరిగి చూసుకుంటుంది, లద్దె ఆగిపోతుంది. దవడ ఎముక అంచున తాడులా తగిలే నాడి మీద రెండు వేళ్ళు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించాలి. మామూలుగా 28 నుంచి 44 ఉంటుంది. 60 దాటితే ఇది వట్టి కడుపునొప్పి కాదు. చిగురును వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. నొప్పి తగ్గే సూది వేశాక కాసేపు నెమ్మదించి మళ్ళీ పొర్లుతోందంటే పేగుకు రక్తం అందడం లేదని అనుమానించాలి. అప్పుడు కొన్ని గంటల్లోపు ఆపరేషన్ జరిగితేనే ఆశ. ఆ వసతి దగ్గర్లో లేనిచోట నొప్పి లేకుండా సాగనంపడమే మిగిలే దయ. ముందురోజు ఉలవలు తిని, నీళ్ళు తాగి, మామూలుగా నిలబడ్డ గుర్రంలో దీన్ని ఎవరూ పసిగట్టలేరు. ఈ సంగతి తెలిశాక నా గుండె మీంచి సగం బరువు దిగింది.

మిగతా సగం తట్టువది. అది దిగలేదు, దిగాలని కూడా నేను కోరుకోలేదు. జతలో ఒకటి పోతే రెండోదానికి ఆ శరీరాన్ని చూపించాలి. వాసన చూస్తుంది, మూతితో తోస్తుంది, కొన్ని ఒక గంటసేపు దగ్గరే నిలబడి తర్వాత వాటంతట అవే మేతకు పోతాయి. మేం చూడనివ్వకుండా జేసీబీ తెప్పించేశాం. తట్టువ మూడు రోజులు గేటు దగ్గరే నిలబడి సకిలిస్తూ ఉండిపోయింది. దిగులు, తినకపోతే పోనీ అనుకున్నాం. అదే తప్పు. ఒళ్ళు చేసిన తట్టువలు, గాడిదలు ఒకటి రెండు రోజులు మేత ముట్టకపోతే ఒంట్లోని కొవ్వు కరిగి రక్తంలోకి వచ్చేస్తుంది, కాలేయం దెబ్బతింటుంది. రక్తం తీసి చూస్తే పైన పాలలా తెల్లగా తేలుతుంది. కనుక లద్దె లెక్కపెట్టాలి, రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు వేయాలి. నీళ్ళ తొట్టి ఎంత తగ్గిందో గీత పెట్టి చూడాలి. మొదటి రోజే బెల్లం నీళ్ళు చల్లిన తవుడో, లేత పచ్చగడ్డో చేత్తో తినిపించాలి. అయినా తినకపోతే ఆ పూటే డాక్టరును పిలవాలి. పక్కన ఒక మేకను కట్టినా తోడే.

పూడ్చడం గురించీ ఒక మాట. గొయ్యి తొమ్మిది అడుగుల లోతు ఉండాలి, పైన కనీసం నాలుగడుగుల మట్టి పడాలి, బావికీ వాగుకూ దూరంగా. మత్తు సూదితో సాగనంపిన శరీరాన్ని బయట వదిలితే దాన్ని తిన్న కుక్కలు, రాబందులు చచ్చిపోతాయి. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు కళేబరాల ద్వారా ఒంట్లోకి చేరడం వల్లే రాబందులు అంతరించే స్థితికొచ్చాయని తేలాక 2006లో మన దేశం ఆ మందును పశువైద్యంలో నిషేధించింది.

ఊరి మొదట్లో ఒక దుకాణంలో రెండు తెల్ల గుర్రాలు కొన్నాను, మోచేతి ఎత్తువి. వెంట్రుకలు చూపించి వీటిని తోకల్లో కలిపి కుట్టగలవా అని హిందీలో అడిగాను. ముసలాయన కుచ్చులను ముక్కు దగ్గరకు తీసుకుని వాసన చూశాడు. ఏమీ అడగలేదు. నూలు తోక కుట్టు విప్పి, వెంట్రుకలను మధ్యలో పెట్టి, మైనం రాసిన దారంతో పదకొండు చుట్లు చుట్టి మళ్ళీ బిగించాడు. ఎర్ర తోకను రెండుసార్లు లాగి చూశాడు, ఊడుతుందేమోనని. కుట్టినందుకు డబ్బు తీసుకోలేదు.

ఇప్పుడున్న గుడిని బాబా సమాధి చుట్టూ 1931లో బికనేర్ మహారాజు గంగాసింగ్ కట్టించాడు. దగ్గరే బాబా శిష్యురాలు డాలీ బాయి సమాధి, వెనుక రామ్‌సరోవర్ చెరువు. లోపల నిలబడనివ్వరు. పూజారి రెండు గుర్రాలూ అందుకుని సమాధికి తాకించి, పక్కనున్న గుట్టలో పెట్టాడు. వెనకవాళ్ళు తోస్తున్నారు. బయటికి వచ్చేలోపు మా వాటి మీద ఇంకో నాలుగు గుర్రాలు పడ్డాయి. అన్నీ తెల్లవే. కింద నుంచి ఎర్ర తోక కొస మాత్రం కనిపిస్తోంది.