చోడిపిండి ప్యాకెట్ వెనక నాలుగు లైన్లు

"ప్యాకెట్ వెనక వేయాలి, మన మిల్లు చరిత్ర నాలుగు లైన్లలో రాసివ్వవే" అన్నాడు అన్నయ్య. రెండు వారాలైంది. నాలుగు లైన్లలో ఇమడట్లేదు.

విశాఖ పూర్ణా మార్కెట్ దగ్గర సందులో తాతయ్య పెట్టిన పిండిమర అది. ఒక డీజిల్ ఇంజను, ఒక బెల్టు, ఒక జత రాళ్ళు. అదే కంపెనీ. తాతయ్య లెక్కల్లో కాస్త వీకే (నాన్న ఒప్పుకోరు) గానీ వేళ్ళు మాత్రం తప్పేవి కావు. గొట్టంలోంచి పడుతున్న పిండిని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసేవాడు. మరీ వేడిగా ఉంటే రాళ్ళు దగ్గరైపోయాయని కాస్త ఎడం చేసేవాడు. ఎంత బిగించినా పలుకుగానే వస్తుంటే గంట్లు అరిగినట్టు. ఆ రాత్రి మర ఆపి, రాయి విప్పి, ఉలితో గంట్లు కొట్టుకుంటూ కూర్చునేవాడు. ఆ టకటకల్లోనే మేం నిద్రపోయేవాళ్ళం.

సంక్రాంతి ముందు అసలు తలెత్తే పని ఉండేది కాదు. నానబెట్టి వార్చిన బియ్యం గిన్నెలు తడిగుడ్డలు కప్పుకుని వీధి దాకా వరసలో ఉండేవి. పిండి ఆరిపోతే అరిసెలు కుదరవు కదా, అందరికీ తొందరే. ఆ నాలుగు రోజులూ మిరపకాయలు ఆడించేవాళ్ళం కాదు, మా మేనత్త తెచ్చినా సరే.

నాన్న హయాంలో కరెంటు మోటారొచ్చింది. మూలపడ్డ ఇంజనుని పాత ఇనుము కింద అమ్మేశారు. తర్వాత 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను. మా వీధికి వారం దాకా కరెంటు లేదు. మూడో రోజు ఒక ముసలమ్మ సంచీతో వచ్చి, "బావూ, ఈ చోళ్ళు ఆడిస్తావేటి?" అంది. నాన్న మోటారు వైపు చూపించారు. "ఇంజనుండేది కదా!" అంది. నాన్న మాట్లాడలేదు. "సర్లే, అటక మీద తిరగలుంది" అని వెళ్ళిపోయింది.

ఇప్పుడంతా అన్నయ్యదే. పల్వరైజరు, ప్యాకింగు, లైసెన్సు. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరం అన్నాక మా చోళ్ళకీ గిరాకీ పెరిగింది. ప్యాకెట్ మీద "రాగి" అని వేయాలంటాడు వాడు, "చోడి" అంటారు నాన్న. చివరికి రెండూ వేశారు. రాగి పెద్దక్షరాల్లో.

నిన్న రాత్రి ఇదంతా నాన్నకి చదివి వినిపించాను. చివరిదాకా విన్నారు.

"ఇంజను సంగతి తీసేయమ్మా" అన్నారు.