అమ్మ చేతుల కోసం సబ్బు నీళ్లు: ఐదు వారాల పని

మొదటి వారం

అంట్లు తోమి తోమి అమ్మ వేళ్లు పగిలాయి. ఇంట్లో ఉన్న హ్యాండ్ వాష్ సీసా ముందువైపు ఆకుల బొమ్మ, వెనక జాబితాలో నీళ్ల తర్వాత సోడియం లారెత్ సల్ఫేట్ అనే నురగ రసాయనం. దాన్నీ కొబ్బరి నూనె నుంచి తయారు చేయవచ్చు కాబట్టి ‘సహజం’ అన్న మాటను పట్టుకుని ఏదీ ఎంచుకోలేం. దాని బదులు డెసిల్ గ్లూకోసైడ్, కోకో గ్లూకోసైడ్ అనే నురగ పదార్థాలు వాడిన రకాలు చర్మానికి మృదువుగా ఉంటాయి గానీ ఖరీదు ఎక్కువ. సరే, అటక మీది కుంకుడుకాయలతో మొదలుపెడదాం అనుకున్నాను.

గింజలు తీసిన పెచ్చులు 100 గ్రాములు, నీళ్లు ఒక లీటరు. రాత్రంతా నానబెట్టి, పొద్దున సన్నని సెగ మీద 20 నిమిషాలు మరిగించి, పిసికి నూలు గుడ్డలో వడకట్టాను. గిన్నె సగమే నింపాలి. నేను నింపేశాను; పొయ్యికి కూడా తలంటు అయింది.

మా బోరు నీళ్లలో మామూలు సబ్బు తెట్టు కడుతుంది. కుంకుడులో నురగనిచ్చే సాపోనిన్లు అనే పదార్థాలకు ఆ బాధ లేదు, నురగ బాగానే వచ్చింది. కానీ ఐదో రోజుకు మూత తీస్తే బుస్సుమంది, పులిసిన వాసన. ఫ్రిజ్‌లో పెడితే ఇంకొన్నాళ్లు ఆగుతుంది, కానీ చేయి కడుక్కోవడానికి ఫ్రిజ్ తలుపు తీసేదెవరు?

మూడో వారం

కుంకుడు పక్కన పెట్టి సబ్బే చేద్దామనుకుంటే, రెండో వారం దాని గురించి చదవడానికే పోయింది. నూనెను సబ్బుగా మార్చేది క్షారం: గట్టి సబ్బుకు కాస్టిక్ సోడా, ద్రవ సబ్బుకు కాస్టిక్ పొటాష్. ఒక్క కొబ్బరి నూనెతోనే చేస్తే నురగ బ్రహ్మాండంగా వస్తుంది గానీ చేతులు ఎండిపోతాయి. అందుకే కొబ్బరి నూనె 200 గ్రాములు, నువ్వుల నూనె 250, ఆముదం 50 తీసుకున్నాను. ఒక్కో నూనెకు కావలసిన పొటాష్ వేరు: గ్రాముకు కొబ్బరి నూనెకు సుమారు 0.257, నువ్వుల నూనెకు 0.188, ఆముదానికి 0.18 గ్రాములు. మొత్తం 107 పైచిలుకు. కొంచెం నూనె మిగిలేలా 3 శాతం తగ్గించి, నా పొటాష్ శుద్ధి 90 శాతమే కనుక ఆ మేరకు పెంచితే 115 గ్రాములు తేలింది. నీళ్లు దానికి మూడింతలు, 345 గ్రాములు. ఇక్కడ చెంచాల కొలత పనికిరాదు, గ్రాముల తూకం ఉండాల్సిందే.

పొటాష్‌నే నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి. పొటాష్ మీద నీళ్లు పోస్తే ఎగిరి ముఖాన పడుతుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు, తెరిచిన కిటికీ తప్పనిసరి. అల్యూమినియం గిన్నెను క్షారం తినేస్తుంది, స్టీలుదే వాడాలి. ఒంటి మీద పడితే ధారగా నీళ్లతో కడగడమే, వెనిగర్ జోలికి పోవద్దు.

వేడి నూనెలో ఆ ద్రావణం పోసి, మరిగే నీళ్ల గిన్నెపై ఈ గిన్నె ఉంచి, దాదాపు నాలుగు గంటలు ఉడికించాను. రెండో గంటలో గరిటె తిరగలేదు, పాడైందనే అనుకున్నాను. తర్వాత అదే మెల్లగా తేనె రంగు ముద్దగా మారింది.

నాలుగో వారం

ముద్దలో కొంత తీసి, దానికి రెండింతలు వేడి డిస్టిల్డ్ వాటర్ పోసి రాత్రంతా వదిలేస్తే కరిగిపోయింది. క్షారం ఎంతుందో చెప్పే పీహెచ్ కాగితం 9కీ 10కీ మధ్య చూపింది. అసలు సబ్బు గుణమే అది. నాకు తృప్తి కలగక, ఇంకా తగ్గిద్దామని ఒక గ్లాసు ద్రవంలో అరచెక్క నిమ్మరసం పిండాను. విరిగిన పాలలా అయింది! ఆమ్లం పడగానే సబ్బు విడిపోయి కొవ్వు పైకి తేలుతుందట. గ్లాసు పోతే పోయింది, సీసా దక్కింది.

ఐదో వారం

ద్రవం పలుచగా ఉంది, ఉప్పునీళ్లు కలిపినా చిక్కబడలేదు. నురగ పంపు ఉన్న పాత సీసాలో పోశాక ఆ లోపం తెలియడం లేదు. ముద్ద మిగతాది డబ్బాలో దాచి, పదిహేను రోజులకు సరిపడా మాత్రమే కలుపుతున్నాను. బోరు నీళ్లలో తెట్టు మాత్రం కడుతూనే ఉంది. సింకు దగ్గర వడపోత నీళ్ల చెంబు పెట్టడం నాకు తోచిన ఉపాయం.

అమ్మ వేళ్ల పగుళ్లు తగ్గుముఖం పట్టాయి. అది నా సబ్బు వల్లో, పడుకునే ముందు రాసుకుంటున్న కొబ్బరి నూనె వల్లో తేల్చలేను. ఆవిడ అన్నది మాత్రం ఇది: “బాగానే ఉంది గానీ, చేతులు చిమ్మిలి వాసన వస్తున్నాయిరా.” వచ్చే విడతలో నువ్వుల నూనె సగానికి తగ్గించి, ఆ మేరకు వేరుశనగ నూనె వేసి చూస్తాను. పొటాష్ లెక్క మళ్లీ కట్టాలి.